ట్రెయిల్ లైఫ్ రివ్యూ: పిల్లాడి కంటే ముందు నాన్నకి సెట్ అవుతుందో లేదో చూస్కోండి

మా తెలుగు చర్చిలో, ఆఫీసులో, వీధిలో చాలామంది అడుగుతున్నారు, మీ పిల్లలు ఆ యూనిఫాం వేసుకుని వెళ్ళేది ఎక్కడికి, స్కౌట్సా, మావాణ్ణి కూడా వేయొచ్చా, ఫీజెంత అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసేస్తున్నా, కొంచెం పెద్దగా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి. మేముండేది డల్లాస్‌కి ఉత్తరంగా, పిల్లలిద్దరూ మగపిల్లలే, పెద్దోడు మిడిల్ స్కూల్, చిన్నోడు ఇంకా ఫస్ట్ గ్రేడ్. కాబట్టి ఇందులో చిన్నపిల్లల గ్రూపు, పెద్దపిల్లల గ్రూపు రెండూ ఒకేసారి చూస్తున్నా.

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో కింద ఉంది.

ట్రెయిల్ లైఫ్ యూఎస్ఏ అంటే క్రిస్టియన్ అవుట్‌డోర్ గ్రూపు, మగపిల్లలకి మాత్రమే. కిండర్‌గార్టెన్ నుంచి 12వ గ్రేడ్ దాకా. ఏదో ఒక చర్చి స్పాన్సర్ చేస్తుంది, దాన్ని ట్రూప్ అంటారు, వారం వారం చర్చి ఫెలోషిప్ హాల్లో మీటింగ్, మధ్యమధ్యలో క్యాంపింగ్, హైకింగ్, కెనూయింగ్ అంటే చిన్న పడవ నడపడం, సర్వీస్ ప్రాజెక్టులు. చిన్నపిల్లలది వుడ్‌లాండ్స్ ట్రెయిల్, అందులో కేజీ, ఫస్ట్ గ్రేడ్ వాళ్ళు ఫాక్స్, 2-3 గ్రేడ్‌లు హాక్, 4-5 గ్రేడ్‌లు మౌంటెన్ లయన్. 6 నుంచి 8 నావిగేటర్స్, 9 నుంచి 12 అడ్వెంచరర్స్. అన్నిటికంటే పై అవార్డు ఫ్రీడమ్ అవార్డు, స్కౌట్స్‌లో ఈగిల్ ఉంటుంది చూడండి, ఇక్కడ ఆ స్థానం దీనిది.

దీని పుట్టుక మా ఏరియాకి దగ్గర్లోనే మొదలైంది. 2013 మే నెలలో బాయ్ స్కౌట్స్ వాళ్ళ నేషనల్ మీటింగ్ ఇక్కడే గ్రేప్‌వైన్‌లో జరిగింది, మన డల్లాస్ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ పక్కనే, అక్కడ గే అబ్బాయిల్ని సభ్యులుగా తీసుకోవాలని ఓటేశారు. అది నచ్చని కన్జర్వేటివ్ క్రిస్టియన్లు బయటికొచ్చి 2014 జనవరి 1 నుంచి ట్రెయిల్ లైఫ్ నడపడం మొదలుపెట్టారు, హెడ్డాఫీసు సౌత్ కరోలినాలో బెల్టన్ అనే ఊళ్ళో. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే జాయిన్ అయ్యాక తెలిసి ఇబ్బంది పడేవాళ్ళుంటారు. ఇది అందరికీ సరిపోయే న్యూట్రల్ క్యాంపింగ్ క్లబ్ కాదు, వాళ్ళ నమ్మకాలేంటో వాళ్ళు దాచిపెట్టరు కూడా, మీకు అది కుదురుతుందా కుదరదా అన్నది మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

సరే అసలు విషయానికి. మనవాళ్ళు పిల్లల క్లాసులన్నిటినీ డ్రాప్ చేసి వచ్చే లెక్కలో చూస్తారు. కుమాన్‌లో దింపు, స్విమ్మింగ్‌లో దింపు, కార్లో కూర్చుని ఆఫ్‌షోర్ టీంతో కాల్ మాట్లాడు, గంట కాగానే ఎక్కించుకుని వచ్చేయ్. ఇక్కడ ఆ లెక్క కుదరదు. ఇక్కడ జీతానికి పనిచేసే టీచర్ ఉండడు, కోచ్ ఉండడు, మొత్తం నడిపేది ఆ పిల్లల నాన్నలే. ట్రూప్‌మాస్టర్ అని పెద్ద లీడర్ ఉంటాడు, ఆయన కూడా ఎవరో ఒక పిల్లాడి నాన్నే, పగలు ఇన్సూరెన్స్ ఆఫీసులోనో ప్లంబింగ్ కంపెనీలోనో పనిచేసుకునే మనిషి. చిన్నపిల్లల ఒక్కో గుంపుకి ట్రెయిల్ గైడ్, ఆయనా ఒక నాన్నే. ప్రార్థనలు చూసుకునే చాప్లైన్, ట్రెజరర్, సామాన్ల ట్రైలర్ లాగే పెద్ద ట్రక్ ఉన్నాయన, అందరూ అంతే. అమ్మలు కూడా కమిటీలో ఉంటారు, చిన్నపిల్లల దగ్గర సాయం చేస్తారు, కానీ మీటింగుల్లో, అడవిలో ముందు నిలబడేది మగవాళ్ళు, అది వాళ్ళు కావాలని పెట్టుకున్న పద్ధతి.

అందుకే ఏ ట్రూప్ ఎలా ఉందో వెబ్‌సైట్‌లో చూస్తే తెలీదు. ఆ ట్రూప్‌లో నాన్నలు ఎలా ఉన్నారో అదే ఆ ట్రూప్. బ్యాడ్జీలు, హ్యాండ్‌బుక్కులు దేశమంతా ఒకటే, కానీ ఒకచోట పదిమంది నాన్నలు షర్టు చేతులు మడిచి పనిలో ఉంటారు, ఇంకోచోట ముగ్గురు మోస్తుంటారు, మిగతావాళ్ళు గోడకి ఆనుకుని ఫోన్ చూస్తుంటారు.

ఫాక్స్ వయసులో, అంటే మా చిన్నోడి గ్రూపులో, నాన్న పక్కనే ఉండాలి. రాత్రి క్యాంప్ అంటే ఆ వయసు పిల్లలకి అమ్మో నాన్నో తోడు రావాల్సిందే. ఏం చేస్తారంటే పెద్ద గొప్పవేం కావు, మొక్కలు గుర్తుపట్టడం, ముడి వేయడం, జెండా ఎలా మడవాలి, ఒక బైబిల్ వచనం, ఒక ఆట, తర్వాత అరుపులు పరుగులు. హెరిటేజ్, లైఫ్ స్కిల్స్, అవుట్‌డోర్ స్కిల్స్, సైన్స్ ఇలా బ్రాంచెస్ అని భాగాలుంటాయి, ఒక్కోదానికి పనులు చేస్తే పిన్నులు ఇస్తారు. పనికంటే నాకు నచ్చింది ఏంటంటే ఆ గంటన్నర వాడి పక్కన నేల మీద కూర్చోవాలి. ఇంట్లో ఎంత సేపు ఒకే గదిలో ఉన్నా వాడు టాబ్లెట్‌లో నేను లాప్‌టాప్‌లో. ఇక్కడ వాడు తాడు పట్టుకుని కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి అంటూ నాలుక బయటపెట్టి స్క్వేర్ నాట్ వేస్తుంటే చూడ్డం తప్ప నాకు వేరే పని లేదు.

నేను ఒంగోలు వైపు పెరిగినవాణ్ణి, మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు, చిన్నపిల్లలు మగైనా ఆడైనా అమ్మల వైపే. ఎండాకాలం సెలవుల్లో వీబీఎస్, అదే పిల్లల బైబిల్ క్లాసులు, పెడితే నడిపేది పాస్టరమ్మగారు, అక్కలు, యూత్‌లో ఇద్దరు అన్నయ్యలు. నాన్నలు చివరి రోజు ప్రోగ్రాంకి వచ్చి వెనక కుర్చీల్లో కూర్చుని, పిల్లాడు వాక్యం కంఠస్థం చెప్తే చప్పట్లు కొట్టి వెళ్ళేవాళ్ళు. ఎవరి మీదా కంప్లైంట్ కాదు, అప్పుడు అంతే, పొలం, ఉద్యోగం, బస్సు ప్రయాణాలు. కానీ దేవుడి సంగతులు అమ్మలు చెప్తారు, ఫీజులు నాన్నలు కడతారు అన్న ఏర్పాటు మనతో పాటు విమానం ఎక్కి ఇక్కడిదాకా వచ్చేసింది, ఈ గ్రూపులో దానికి చోటు లేదు.

చిన్నపిల్లలతో క్యాంప్ ఎలా ఉంటుందో చెప్తా. మేము ఎక్కువగా వెళ్ళేది టెక్సోమా లేక్ దగ్గర ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్, డెనిసన్‌లో, ఆ ప్రెసిడెంట్ పుట్టిన ఊరు అదే. శుక్రవారం ఆఫీసు అయ్యాక ట్రాఫిక్‌లో పడి వెళ్ళేసరికి చీకటి, హెడ్‌ల్యాంప్ పెట్టుకుని టెంట్ వేయాలి. అప్పుడు చూడాలి నాన్నల అసలు రంగు. ఒకాయన టెంట్ కొనుక్కొచ్చి బాక్స్ కూడా విప్పకుండా తెచ్చాడు, స్తంభాలు ఎన్నున్నాయో లెక్క తేలట్లేదు, కొడుకు పక్కన నిలబడి డాడీ డాడీ ఇది ఇక్కడ కాదు అంటున్నాడు, ఇంకో ఇద్దరు నాన్నలు వచ్చి ఏమీ అనకుండా చెరో మూల పట్టుకున్నారు. టెక్సస్‌లో వాతావరణం మీకు తెలిసిందే, సాయంత్రం చెమటలు, అర్ధరాత్రి నార్దర్ అనే ఉత్తరపు చలిగాలి కొట్టి పళ్ళు టకటకలాడతాయి. ఎండిపోయిన సీజన్‌లో కౌంటీ వాళ్ళు మంటలు వేయకూడదని బర్న్ బ్యాన్ పెడితే క్యాంప్‌ఫైర్ లేదు, ఒక లాంతరు మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుని పాటలు పాడతారు, పిల్లలకి మంట మీద కాల్చుకునే తీపి, స్మోర్స్, లేవని ఏడుపు. ఫైర్ యాంట్స్ పుట్ట మీద టెంట్ వేయకుండా ముందు నేల చూస్కోండి, పొడవాటి సాక్సులు తెచ్చుకోండి, చిగ్గర్స్ అనే కంటికి ఆనని పురుగులు కుడితే వారం గోక్కుంటారు.

ఆదివారం పొద్దున చెట్ల కింద చిన్న ఆరాధన ఉంటుంది, పాస్టర్ రాడు, ఎవరో ఒక నాన్న ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఇక్కడ చాలామందికి గొంతు పోతుంది. ప్రాజెక్టు డెమో అంటే వైస్ ప్రెసిడెంట్ ముందు దడదడలాడించే మనిషి, పది మంది పిల్లల ముందు ప్రార్థన చెయ్యమంటే తన బూట్లు చూస్కుంటాడు. తెలుగులో చేస్తానంటే అలాగే చెయ్యి అన్నారు, తెలుగులోనే చేశా, చివర ఆమెన్ మాత్రం అందరం కలిసి అన్నాం, మా చిన్నోడు మిగతా పిల్లలకి ఎక్స్‌ప్లెయిన్ చేశాడు డాడీ బ్రేక్‌ఫాస్ట్ గురించి అడిగాడు అని. నేను అడిగింది వేరే, సర్లెండి.

ఇప్పుడు పెద్దోడి గ్రూపు. నావిగేటర్స్‌కి వచ్చేసరికి రూలు తిరగబడుతుంది. ఇక్కడ పిల్లలే పెట్రోల్స్ అనే చిన్న జట్లుగా ఉంటారు, వాళ్ళలోనే ఒక లీడర్, మెనూ వాళ్ళదే, సరుకులు వాళ్ళే కొనాలి, వంట వాళ్ళే, గిన్నెలు వాళ్ళే. క్యాంప్‌కి వచ్చిన నాన్నలకి దూరంగా వేరే స్టవ్, వేరే బల్ల, వేరే వంట. పిల్లలు ప్యాన్‌కేక్ పైన మాడ్చి లోపల పచ్చిగా తింటుంటే మనం ఇరవై అడుగుల అవతల కాఫీ కప్పు పట్టుకుని చూస్తూ ఉండాలి. దెబ్బ తగులుతుందంటే లేవాలి, మాడుతుందంటే లేవకూడదు. ఇది మన తెలుగు నాన్నలకి చచ్చేంత కష్టం అండి. అన్నం కలిపి ముద్దలు పెట్టిన చేతులు, సైన్స్ ఫెయిర్ బోర్డు రాత్రి రెండింటిదాకా మనమే అతికించిన చేతులు, వాటిని జేబులో పెట్టుకుని నిలబడమంటే ఎట్లా. ఒక తెలుగాయన, ఇప్పుడు మా ట్రూప్‌లో లేడు లెండి, కొడుకు స్లీపింగ్ బ్యాగ్ తనే చుట్టి, సంచీ తనే సర్ది, బ్యాడ్జ్ వర్క్‌షీట్ కూడా తనే నింపి తెచ్చేవాడు. ట్రూప్‌మాస్టర్ ఏమన్నాడంటే, సర్ మీకు బ్యాడ్జ్ ఇచ్చేస్తా, మీవాడు మాత్రం మళ్ళీ చెయ్యాలి. అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వాడు, కానీ ఆ మాట మిగతా మాకందరికీ కూడా తగిలింది.

కత్తి సంగతి ఇంట్లో ఆడవాళ్ళకి భయం కాబట్టి చెప్తున్నా. పాకెట్ నైఫ్, చిన్న గొడ్డలి, రంపం వాడతారు, కానీ ముందు సేఫ్టీ నేర్పి పరీక్ష పెట్టి ఓకే అన్నాకే. మూసిన కత్తి చేతిలో పట్టుకుని చెయ్యి చాచి చుట్టూ తిరుగుతారు, ఆ గీతలోకి ఎవరూ రాకూడదు, బ్లడ్ సర్కిల్ అంటారు, పేరు భయంగా ఉంటుంది కానీ దాని పని రక్తం రాకుండా చూడ్డమే. చెక్కేటప్పుడు కత్తి ఒంటికి అవతలికే పోవాలి. మావాడు కర్రకి మొన చెక్కుతుంటే పక్కన నేర్పినాయన ఒక రిటైర్డ్ తాతగారు, ఆయన మనవడు ఎప్పుడో కాలేజీకి వెళ్ళిపోయాడు, ఈయన మాత్రం ఇంకా వస్తున్నాడు.

ఆ తాతగారి మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ట్రూప్‌లో అందరు పిల్లలకీ నాన్న రాడు. విడాకులైన ఇళ్ళున్నాయి, మిలిటరీలో వేరే దేశంలో ఉన్నవాళ్ళున్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు. నాన్నా కొడుకూ నాన్నా కొడుకూ అని ప్రతి ప్రోగ్రాంలో మైకులో చెప్తుంటే ఆ పిల్లాడు ఎక్కడ నిలబడాలి. మంచి ట్రూప్ అయితే దీన్ని ముందే ఆలోచించి పెట్టుకుంటుంది, ఒక మావయ్యో, తాతో, వేరే పిల్లాడి నాన్నో తోడుగా ఉంటాడు, అదీ అందరూ చూస్తుండగానే, ఎందుకంటే ఏ పెద్దమనిషీ ఏ పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, సొంత కొడుకుతో తప్ప టెంట్ పంచుకోకూడదు. రిజిస్టర్డ్ లీడర్లకి బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల రక్షణ ట్రైనింగ్ కంపల్సరీ. దీన్ని ఫార్మాలిటీ అనుకోకండి. బాయ్ స్కౌట్స్ లైంగిక వేధింపుల కేసుల వల్ల 2020 ఫిబ్రవరిలో బ్యాంక్రప్సీకి వెళ్ళారు, ఆ తర్వాత అందులో 82,000 పైగా క్లెయిములు వచ్చాయి. చర్చి పేరుంది కదా, అందరూ ప్రార్థన చేసేవాళ్ళే కదా అని వదిలేయకుండా ఈ రూల్స్ మీ ట్రూప్‌లో నిజంగా పాటిస్తున్నారా లేదా మీ కళ్ళతో చూడండి. నాన్నలు ఎక్కువమంది వచ్చే ట్రూప్‌లో ఇది తేలిగ్గా జరుగుతుంది, తక్కువమంది వచ్చేచోట ఇద్దరు పెద్దవాళ్ళు దొరక్క క్యాంపులే క్యాన్సిల్ అవుతాయి.

నాకు బాగా గుర్తుండిపోయిన ట్రిప్ గ్లెన్ రోజ్. అక్కడ డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్క్‌లో పలుక్సీ నది అడుగున రాతిలో డైనోసార్ అడుగులున్నాయి, నీళ్ళు తగ్గినప్పుడు వెళ్తే పిల్లలు వాటిలో కాళ్ళు పెట్టి నిలబడొచ్చు. పార్కు బోర్డు మీద సుమారు 11 కోట్ల 30 లక్షల సంవత్సరాలు అని లెక్క. అదే ఊళ్ళో, పార్కుకి దగ్గర్లోనే, భూమి వయసు వేలల్లోనే అని చెప్పే క్రియేషన్ మ్యూజియం ఒకటుంది, 1984 నుంచి నడుస్తోంది. ఇంకేముంది, మా ట్రూప్ నాన్నల్లో ఒకాయన జియాలజీ చదివి ఆయిల్ కంపెనీలో చేస్తాడు, ఇంకొకాయన గట్టిగా నోవహు జలప్రళయం మనిషి. ఇద్దరూ నది ఒడ్డున మొదలుపెట్టారు. మావాడి ఈడు పిల్లలు నీళ్ళలోంచి బయటికొచ్చి చుట్టూ నిలబడ్డారు, కొట్టుకుంటారేమో అని ఆశగా. ఇద్దరూ గొంతు పెంచకుండా అరగంట వాదించుకున్నారు, ఎవరూ తగ్గలేదు, మధ్యాహ్నం ఇద్దరే కలిసి అందరికీ బర్గర్లు కాల్చారు. సాయంత్రం కార్లో మావాడు, డాడీ నువ్వు ఎవరి వైపు అన్నాడు. నేను రాళ్ళ వయసు విషయంలో జియాలజీ అంకుల్ వైపే అని చెప్పా, అయినా దేవుణ్ణి ఎలా నమ్ముతున్నావ్ అని అడిగాడు, ఇంటికి చేరేదాకా అదే మాట్లాడుకున్నాం. ఇద్దరు పెద్ద మగవాళ్ళు సీరియస్ విషయం మీద తేడాపడి కూడా పక్కపక్కన నిలబడి వంట చెయ్యడం వాడు చూశాడు, ఇలాంటిది యూట్యూబ్‌లో దొరకదు. అయితే అన్ని ట్రూప్‌లలో ఇంత సామరస్యం ఉంటుందని చెప్పలేను, కొన్నిచోట్ల ఒకే రకం అభిప్రాయం నడుస్తుంది, అడిగితే మొహం మాడ్చుకుంటారు.

హిందూ ఫ్రెండ్స్ అడిగేది, మా పిల్లల్ని తీసుకుంటారా. తీసుకుంటారు, పిల్లలకి ఏ మతమైనా పర్లేదు, మతం లేకపోయినా పర్లేదు. కానీ బైబిల్ ప్రతి మీటింగ్‌లో ఉంటుంది, పిల్లలు చెప్పే ఓత్‌లో, అంటే ప్రమాణంలో, దేవుడి మాట ఉంటుంది, అది పక్కన పెట్టి క్యాంపింగ్ మాత్రం అంటే కుదరదు. రెండోది, పెద్దవాళ్ళు లీడర్‌గా రిజిస్టర్ కావాలంటే క్రైస్తవ విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి. అంటే మీవాడు సభ్యుడు అవుతాడు, మీరు మాత్రం అతని ట్రెయిల్ గైడ్ కాలేరు. నాన్నల మీదే నడిచే గ్రూపులో నాన్న ఎప్పుడూ గెస్ట్‌గానే ఉండటం పిల్లాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి, నా సలహా అయితే మీకు స్కౌటింగ్ అమెరికా బెటర్. అదే పాత బాయ్ స్కౌట్స్, 2025 ఫిబ్రవరిలో పేరు మార్చుకున్నారు, హెడ్డాఫీసు మన ఇర్వింగ్‌లోనే, అమ్మాయిలు కూడా ఉంటారు, మన ఇండియన్ పిల్లలతో నిండిన యూనిట్లు ఈ చుట్టుపక్కల బోలెడు.

మన బ్రౌన్ ఫ్యామిలీ అక్కడ ఎలా ఫిట్ అవుతుంది అన్నది ఇంకో ప్రశ్న. మా ట్రూప్‌లో దాదాపు అందరూ తెల్లవాళ్ళే, మర్యాద ఎక్కువ, పిల్లలు ప్రతిదానికీ యెస్ సర్ నో సర్ అంటారు, మావాళ్ళకి కూడా అలవాటైంది, ఇంటికొచ్చి వాళ్ళమ్మని యెస్ మామ్ అంటే మా ఆవిడ మొదట వెక్కిరిస్తున్నారనుకుంది. నాన్నల మంట చుట్టూ కబుర్లు మాత్రం జింకల వేట, కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీం, ట్రక్కులు, ఈ మూడే. నాకు మూడూ రావు. కూర్చుని వినడమే. తర్వాత ఒకసారి పులిహోర పెద్ద డబ్బా నిండా తీసుకెళ్ళా, చల్లారినా తినొచ్చు, పాడవదు, స్టవ్ అక్కర్లేదు, క్యాంపింగ్‌కి దాన్ని మించిన తిండి ఈ దేశంలో కనిపెట్టలేదు. అప్పట్నుంచి మెనూ షీట్‌లో నా పేరు పక్కన ఎల్లో రైస్ అని పర్మనెంట్‌గా రాసేశారు. ఆవకాయ కూడా తెచ్చా గానీ దాని గురించి ఒక పెద్దాయన అన్న మాట ఇక్కడ రాయను. ఇంకో సంగతి, జెండా, దేశభక్తి డోసు బాగా ఎక్కువ, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళకి చెయ్యి గుండె మీద పెట్టుకునే టైంలో మనసులో రకరకాలుగా ఉంటుంది, పిల్లలు ఇక్కడే పుట్టారు కాబట్టి వాళ్ళకేం లేదు.

ఇక ఆ పోయిన ఒక్క పాయింట్. పని పంపకం. మా ట్రూప్ పేరు చెప్పను గానీ, పిల్లలు చాలామంది, పని చేసే నాన్నలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళే మీటింగ్ ప్లాన్ చెయ్యాలి, వాళ్ళే పార్కు బుక్ చెయ్యాలి, వాళ్ళే ట్రైనింగులు, వాళ్ళే ఈమెయిళ్ళు. ఒక మంచి ట్రెయిల్ గైడ్ అలిసిపోయి మానేశాడు, ఆయన వెళ్ళాక ఆ వయసు పిల్లల గుంపు కొన్నాళ్ళు గాల్లో ఉండిపోయింది. ఇది పిల్లల కోసం పెట్టినదైనా నాన్నల సమయం మీద అప్పుతో నడుస్తోంది, ఆ అప్పు ఎవరు కడుతున్నారో కమిటీ పట్టించుకోవట్లేదు. కొత్తగా వచ్చే నాన్నకి మొదటి నెలలోనే ఒక చిన్న పని అప్పగించాలి, జ్యూస్ బాక్సులు తేవడమైనా సరే. మనవాళ్ళు అడిగితే కాదనరు, అడక్కపోతే మాత్రం ముందుకు రారు, ఇంగ్లీషు యాస గురించి, నైట్ కాల్స్ గురించి మొహమాటం. అడిగేవాడు లేకపోతే అట్లా గోడ పక్కనే ఏళ్ళు గడిచిపోతాయి.

నైట్ కాల్స్ అన్నాను కదా. మీటింగ్ రోజు సాయంత్రం క్యాలెండర్ బ్లాక్ చేయించుకోగలరా లేదా ముందే చూస్కోండి. మా మేనేజర్ ఇండియన్, కొడుకు ప్రోగ్రాం అంటే ఫేస్‌లో ఏమీ కనపడదు. ఆయన మేనేజర్ అమెరికన్, స్కౌట్స్ లాంటిది అనగానే గో గో అన్నాడు. అట్లా నడుస్తోంది.

ఖర్చు విషయానికొస్తే సంవత్సరం మెంబర్‌షిప్, దాని మీద ట్రూప్ డ్యూస్, యూనిఫాం షర్టు, హ్యాండ్‌బుక్, క్యాంప్‌కి విడిగా. రేట్లు మారుతుంటాయి కాబట్టి అంకెలు రాయట్లేదు, ట్రూప్‌లోనే అడగండి. సాకర్ క్లబ్బు, టెన్నిస్ కోచింగ్‌తో పోలిస్తే చాలా చవక. టెంట్, స్లీపింగ్ బ్యాగ్ మాత్రం వెంటనే కొనకండి, మొదటి క్యాంప్‌కి ఎవరో ఒకరు అప్పిస్తారు, పెద్ద స్టోర్లలో సేల్‌లో దొరికే టెంట్లు చాలావరకు గట్టి వానకి తట్టుకోవు.

వేరే ఆప్షన్లు కూడా చెప్పేస్తా. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ చర్చి వాళ్ళకి రాయల్ రేంజర్స్ ఉంది, 1962 నుంచి, మిస్సోరీలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలైంది, చాలా దేశాల్లో ఉంది, పెంతెకొస్తు నేపథ్యం ఉన్న తెలుగు కుటుంబాలకి అక్కడ వాతావరణం త్వరగా అలవాటవుతుంది, లీడర్‌ని కమాండర్ అంటారు. క్రిస్టియన్ సర్వీస్ బ్రిగేడ్ ఇంకా పాతది, 1937లో ఇల్లినాయ్‌లో మొదలైంది, అందులో ఆరేడేళ్ళ పిల్లలకి ట్రీ క్లైంబర్స్ అని ఉంది, అది పూర్తిగా నాన్నా కొడుకుల జంటల కోసమే పెట్టింది, దగ్గర్లో ఉంటే చిన్నపిల్లల తండ్రులు తప్పకుండా చూడండి. వీటన్నిటికీ తాత బాయ్స్ బ్రిగేడ్, 1883లో గ్లాస్గోలో ఒక సండే స్కూల్ టీచరు పెట్టాడు, మగపిల్లలు సండే స్కూల్లో కుదురుగా ఉండట్లేదని డ్రిల్లు, క్యాంపులు మొదలుపెట్టాడట. నూట నలభై ఏళ్ళైంది, మగపిల్లలు ఇంకా కుదురుగా లేరు. ఆడపిల్లలకి అయితే అమెరికన్ హెరిటేజ్ గర్ల్స్ ఉంది, 1995 నుంచి, కొన్ని చర్చిల్లో రెండూ ఒకే రోజు సాయంత్రం నడుస్తాయి, అన్నాచెల్లెళ్ళున్న ఇళ్ళకి డ్రైవింగ్ కలిసొస్తుంది.

ట్రూప్ చూడ్డానికి వెళ్తే బ్యాడ్జీల బోర్డు, ఫోటోలు చూసి ఆగిపోకండి. కిందటి క్యాంప్‌కి ఎంతమంది నాన్నలు వచ్చారు, ఎవరెవరు అని అడగండి, పేర్లు తడుముకోకుండా చెప్తే మంచి లక్షణం. నాన్న లేని పిల్లలకి మీ ఏర్పాటు ఏంటి అని అడగండి. పెద్దపిల్లల పెట్రోల్ దగ్గర ఒక పావుగంట నిలబడి చూడండి, మాట్లాడేది పిల్లలా పెద్దవాళ్ళా. మీటింగ్ అయ్యాక కుర్చీలు ఎవరు మడుస్తున్నారో చూడండి. మా దగ్గర స్కూళ్ళు తెరిచాక ఓపెన్ హౌస్ పెడతారు, పిజ్జా ఉంటుంది, రావాలనుకునేవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, కానీ పిల్లాడితో మీరు లోపలికి రండి, వదినగార్ని లోపలికి పంపించి మీరు కార్లో కాల్ మాట్లాడుకుంటూ కూర్చోవద్దు.